ఉగ్గాణి ఎవరి సొత్తు

12 జనవరి 2008, శనివారం

పెద్దమ్మకు రిజిస్టర్ పోస్టు వచ్చింది. ఆమె చేతులకు శనగపిండి ఉంది. కడుక్కునే ఓపిక లేక ఆ వేలితోనే ముద్ర వేసింది. పోస్టుమన్ ఆ కాగితం వాసన చూసుకుంటూ పోయాడు.

ఇంగ్లీషులో ఉంది. నా ఇంగ్లీషు నేను నేర్చుకున్నదే, ఎవడి దయా కాదు. రెండుసార్లు చదివాను. మొదటిసారి నమ్మలేదు.

ఉగ్గాణి అనే పేరు విక్రమ్ సొత్తట. ట్రేడ్‌మార్కట. పెద్దమ్మ తన హోటలు బోర్డు మీద, పొట్లాల మీద, ఇంకెక్కడా ఆ మాట వాడకూడదట. వాడితే కోర్టుకు పోతారట.

బొరుగులు నానబెట్టి, పిండి, తిరగవాతలో వేసి, పప్పుల పొడి చల్లితే ఉగ్గాణి. బళ్ళారి చుట్టుపక్కల పొద్దున లేచిన ప్రతి ఇల్లూ తినేది అదే. దాన్ని కనిపెట్టింది విక్రమా? వాడు నాతో కూరెకుప్ప బడిలో ఏడో తరగతి దాకా చదివినోడు. వాళ్ల నాయన సుబ్బరామికి కాలవ కింద భూములు, తర్వాత లారీలు. ఇప్పుడు కొడుక్కి తోరణగల్లు రోడ్డు మీద అద్దాల హోటలు. పేరు 'ఉగ్గాణి'. పక్కన చిన్నగా టి.ఎం. అని రెండు అక్షరాలు. నేను అది వాడి ఇంటిపేరేమో అనుకున్నాను.

తెలుగులో చెప్పాను. పెద్దమ్మ బజ్జీలు తిప్పుతూనే వింది.

"పేరు వద్దంటాండాడా, చేసేదే వద్దంటాండాడా?"

"పేరు."

"చేసుకోవచ్చు, పేరు పెట్టి పిలవకూడదు. అంతే గదా?"

"అంతే గదా ఏంది పెద్దమ్మా?"

పెద్దనాయన బొరుగులు పిండుతూ తల ఎత్తలేదు. "ఇంగ మనిషి వచ్చి ఏం కావాలని అడగాల మనల్ని?" అన్నాడు. "అది ఒక ప్లేటు ఇయ్యి అనాల్నా?"

ఇద్దరూ నవ్వారు. నాకు ఒళ్లు మండింది.

13 జనవరి

ఆదివారం. నేను పని చేసే ఇంటర్నెట్ సెంటర్‌కు సెలవు. నా కోపానికి లేదు.

16 జనవరి

ఈ రోజు నవ్వలేదు ఎవరూ. ఇనుప గనుల లోడింగ్ పాయింట్ల దగ్గర డ్రైవర్లకు రోజూ టిఫిన్ పొట్లాలు తీసుకుపోయే భీమప్ప వచ్చి, ఈ గొడవ తెగేదాకా వద్దన్నాడు. సుబ్బరామి లారీలే సగం, ఆయన కొడుకుతో తగువున్న చోటు నుంచి పొట్లం తెస్తే తనకు మాట వస్తుందన్నాడు. తప్పు వానిది కాదు. అయినా తిట్టాను.

పొట్లాలు లేకపోతే హోటలు లేదు. కూర్చుని తినేవాళ్లతో పొయ్యి ఖర్చు కూడా రాదు. పెద్దమ్మ సగం గంప బొరుగులు వెనక్కి మూట కట్టింది. నన్ను ఏమన్నా అంటే బాగుండేది.

18 జనవరి

సెంటర్‌లో పని లేనప్పుడు నోటీసు మళ్లీ చదివాను. ఒక లైను ముందు నాకు పట్టలేదు. 'మీ హోటలు పేరు కేవలం ఉగ్గాణి అని మీరే మా మనిషితో ఒప్పుకున్నారు' అని ఉంది.

సాయంత్రం పోయి అడిగాను. "ఎవురు పెద్దమ్మా వచ్చి అడిగింది?"

"ఎవురో తెల్ల చొక్కా అబ్బోడు. రెండు ప్లేట్లు తినె. పాపం ఆకలి మీద ఉన్న్యాడు. అంగడి పేరేందమ్మా అనె."

"నువ్వేం చెప్పినావు?"

"ఉగ్గాణి అని చెప్పినా."

"మన హోటలు పేరు ఉత్త ఉగ్గాణేనా? ముందర ఇంకో పేరు లేదా?"

పెద్దమ్మ నా వైపు ఒక చూపు చూసింది.

"నువ్వు ఇప్పుడే పుట్టినావా, ఉమేశా? ఆ పేరు నేనెట్ల చెప్తా?"

నిజమే. హోటలు పేరు ఎర్రప్ప ఉగ్గాణి. ఎర్రప్ప మా పెద్దనాయన. మొగుడి పేరు నోట పలకదు ఆమె. ఓటు వేయడానికి పోయినప్పుడు కూడా చీటీ చూపిస్తుంది గాని చెప్పదు. పోయిన ఏడు టిప్పర్ ఒకటి వెనక్కి వస్తూ బోర్డు ఎడమ సగం విరగ్గొట్టింది. ఎర్రప్ప పోయాడు, ఉగ్గాణి మిగిలింది. మళ్లీ రాయిద్దామని అంటూనే ఉన్నాం. బోర్డు అట్లుంది, ఆమె నోరు ఇట్లుంది. వాళ్లకు కావలసినది దొరికింది.

మొగుడి పేరు చెప్పనందుకు హోటలు పేరు పోయిన మనిషి ఇండియా మొత్తంలో మా పెద్దమ్మ ఒక్కతే అయి ఉంటుంది.

19 జనవరి

ఈ రోజు నేను చేసిన పని రాస్తున్నాను, ఎందుకంటే ఎవరికీ చెప్పుకునేటట్లు లేదు, గాళెప్పకు తప్ప.

వాడు అంత పెద్ద అద్దాల హోటలు కట్టాడు, లాయరును పెట్టాడు, పేరంతా నాదే అన్నాడు. ఇంటర్నెట్‌లో ఆ పేరు కొన్నాడా అని చూశాను. కొనలేదు. ఉగ్గాణి డాట్ కామ్ ఖాళీగా ఉంది. రోడ్డు మీద పడిపోయిన చెప్పు మాదిరి, ఎవరూ ముట్టుకోకుండా.

సెంటర్ ఓనరు గాళెప్పకు క్రెడిట్ కార్డు ఉంది. నా జీతంలో పట్టుకో అన్నాను. "ఏంది కొంటాండావు?" అన్నాడు. చెప్పాను. "తిండి పేరు ఇంటర్నెట్‌లో యాడ పెట్టుకుంటావురా," అని కార్డు ఇచ్చాడు.

మధ్యాహ్నానికి అది నాది. పెద్దమ్మ బాణలి ముందర నిలబడిన ఫోటో పెట్టాను. కింద ఒకే ఒక లైను: ఇదీ అసలు ఉగ్గాణి.

చాలా రోజుల తర్వాత అన్నం రుచిగా తిన్నాను.

23 జనవరి

విక్రమ్ ఫోను చేశాడు. తెలుస్తుందని తెలుసు. ఇంత తొందరగా అనుకోలేదు.

"ఉమేశా, బాగుండావా? ఎన్నాళ్లాయె మాట్లాడి."

"నోటీసు పంపించినావు గదా, అదే మాట్లాడినట్లు."

"అది లాయరు పని, అప్పా. అందరికీ పోయింటాయి. మీ పెద్దమ్మది అని నేను చూసుకోలేదు. ఆ డాట్ కామ్ నాకియ్యి. ఎంతన్నా చెప్పు."

"అమ్మేది కాదు."

"సరే, అమ్మొద్దు. నా దగ్గరికే రా. హోటలు కంప్యూటర్లు, బిల్లింగు, ఆ వెబ్‌సైటు అంతా నువ్వే చూసుకో. ఏసీ రూములో కూచోని."

ఆలోచిస్తానని కూడా అనలేదు. పెట్టేశాను.

24 జనవరి

ఉద్యోగం గురించి ఆలోచించలేదు.

25 జనవరి

ఈ రోజు కూడా ఆలోచించలేదు. సెంటర్‌లో ఫ్యాను తిరిగితే దుమ్ము కీబోర్డు మీద పడుతుంది, తిరగకపోతే చెమట పడుతుంది. ఏసీ రూములో దుమ్ము రాదంటారు. నాకేం.

26 జనవరి

పెద్దమ్మను, పెద్దనాయనను సెంటర్‌కు తీసుకొచ్చి చూపించాను. పెద్దనాయన ఫోటోను చాలాసేపు చూశాడు. "బాగా పడింది," అన్నాడు. పెద్దమ్మ తన కొంగు సరిగా లేదని అంది.

"ఇంగ వాడు ఏం చెయ్యలేడు పెద్దమ్మా. ఈ పేరు ఇప్పుడు మనది."

"మనది అంటే?"

"నాది. నా పేరు మీద కొన్నా."

ఆమె కుర్చీలో నుంచి లేచింది. "నీదెట్లయితాది? మీ అవ్వ చేసె, ఆమె అవ్వ చేసె. కప్పగల్లు భీమక్క చేస్తాది, కూరెకుప్ప గేటు కాడ దేవప్ప చేస్తాడు. వాళ్లనడిగినావా? ఆ పిల్లోడు నాది అంటే కోపమొచ్చె నీకు. నువ్వు నాది అంటే రాకపోయె."

"నీ కోసరమే గదా చేసింది."

"నా కోసరం చేసినోడివి నా ముందర చెప్పాల. దాచిపెట్టుకోని చేసినావు."

ఆమె పోయింది. పెద్దనాయన ఒక్క నిమిషం నిలబడి, నా భుజం మీద చెయ్యి వేసి, ఆమె వెనక పోయాడు. ఆయన ఎప్పుడూ ఆమె వెనకే పోతాడు.

27 జనవరి

హోటలుకు పోలేదు.

28 జనవరి

పోలేదు. ఎవరి కోసం చేశాను నేను? చదువుకోకుండానే ఇంత నేర్చుకున్నది ఎవరి కోసం? సెంటర్‌లో పని ఎక్కువ ఉంది, అందుకే పోలేదు. అందుకే.

30 జనవరి

విక్రమ్ హోటలుకు పోయాను. ఎదిరి చేసేది ఏందో చూడాలి కదా, అందుకు పోయాను.

అద్దం తలుపు. తలుపు దగ్గర ఒకడు దుమ్ము తుడవడానికే ఉన్నాడు. తెల్ల పింగాణీ ప్లేటులో ఉగ్గాణి, పైన కొత్తిమీర ఒక్క ఆకు, పక్కన గింజలు తీసేసిన బజ్జి రెండు ముక్కలుగా కోసి. తినడానికి ముల్లు గరిటె. బొరుగులను ఎవడన్నా పొడుస్తాడా?

బాగలేదు అని రాయాలని కూర్చున్నాను. బాగుంది. పప్పుల పొడి వాళ్లూ వెల్లుల్లి వేసి దంచారు.

విక్రమ్ వచ్చి ఎదురుగా కూర్చున్నాడు. వాడి చొక్కా మీద ఒక్క దుమ్ము చుక్క లేదు.

"ఎట్లుండాది?"

"ఉండాది."

"మా జేజి చెప్పిన మాదిరే చేయిస్తాండా. జేజి దినమ్మూ రుచి చూసి తిడతాది. పాత చేతుల పని కాదంట." వాళ్ల నాయనమ్మ నోరు నాకూ తెలుసు. కాసేపు బల్ల మీద వేళ్లు ఆడించాడు. "బెంగళూరులో కాలేజీలో ఉగ్గాణి అంటే ఎవునికీ తెల్దు ఉమేశా. అదేంది, ఉప్మానా అంటారు. ఆ పేరు బోర్డు మీద పెద్దగా చూడాలని ఉన్నింది నాకు. అంతే."

"పెద్దగా రాసుకో. చిన్నగా రాసుకున్నోళ్లది చెరిపేదెందుకు?"

వాడు ముల్లు గరిటెను పక్కకు జరిపి, "లాయరు వెంకటరామి కాడికి మీ పెద్దమ్మను తీసుకోని రా. సుమ్నె మాట్లాడుకుందాం. నోటీసు వెనక్కి తీసుకునే దోవ ఉంటే చూద్దాం," అన్నాడు. ఊరికే అనే మాటకు కూడా వాడికి కన్నడమే వస్తుంది ఇంకా. బడిలో మాదిరే.

బిల్లు తీసుకోలేదు. బల్ల మీద పెట్టి వచ్చాను.

31 జనవరి

హోటలుకు పోయాను. పెద్దమ్మ ఏమీ అడగకుండా ప్లేటు ముందర పెట్టింది. బజ్జి ఒకటి ఎక్కువ వేసింది. ఆ బజ్జి తిన్నాను. లాయరు సంగతి మాత్రం చెప్పాను.

"పోదాం," అంది. "అడిగినాడు గదా పిల్లోడు."

ఆమె దృష్టిలో వాడూ పిల్లోడే. నాకు అది కూడా నచ్చలేదు.

5 ఫిబ్రవరి

ఇంత పొడుగు ఎప్పుడూ రాయలేదు నేను. ఈ రోజు రాస్తాను.

బళ్ళారి పోయాం. పెద్దనాయన ఉతికిన పంచె కట్టాడు, బస్సు దిగేసరికి అది ఎర్రగా అయింది. ఊరంతా లారీలే, దారంతా మన్నే. నేను జేబులో డాట్ కామ్ కాగితాలు పెట్టుకున్నాను. నోటీసు వెనక్కి తీసుకుంటే ఇది ఇస్తా, లేకుంటే లేదు, అని చెప్పాలని. బస్సులో మనసులోనే పదిసార్లు చెప్పుకున్నాను, ప్రతిసారీ గొంతు పెంచి.

లాయరు వెంకటరామి పెద్ద బల్ల వెనక ఉన్నాడు. పక్కన విక్రమ్. లాయరు మర్యాదగానే మాట్లాడాడు.

"చూడమ్మా. కేసు వద్దంటాండాడు మా విక్రమ్. బోర్డు ఇరగక ముందర ఇంకో పేరు కలిపి ఉన్నిందంట గదా. ఆ పేరుతో కలిపి పెట్టుకుంటే మాకేం అభ్యంతరం లేదు. ఉత్త ఉగ్గాణి అంటేనే మాకు తగులుకునేది. మీ హోటలు పూర్తి పేరు ఒక్కసారి చెప్పు, రాసుకుంటా, నోటీసు వాపసు తీసుకుంటాం."

అంతే. నాకైతే అసలు ఆ మాట వాళ్లకెవరు ఇచ్చారని అడగాలని ఉంది. అడిగాను కూడా. వాళ్లకు ట్రేడ్‌మార్కు ఇంకా రాలేదంట, అర్జీ మాత్రమే పెట్టారంట, తగువు పెట్టుకుంటే ఏండ్లు పడుతుందంట. ఏండ్ల దాకా భీమప్ప పొట్లాలు కొనడు.

"బోర్డు మీద ఉన్నిందే పేరు," అంది పెద్దమ్మ.

"అదే. ఏముండింది?"

"వీని పెద్దనాయన పేరు."

"వీని పెద్దనాయన పేరేంది?"

"వీణ్ణే అడగప్పా."

"లైసెన్సు నీ పేరున ఉండాదమ్మా. నీ నోట్నుంచి రావాల. నువ్వే ఒప్పుకున్న్యావని ముందర రాసినాం. ఇప్పుడు నువ్వే కాదు అంటే గదా సరిపోయేది."

పెద్దమ్మ బల్ల మీద దుమ్ములో వేలితో గీత గీసింది. "ఇదేం రంగు?"

లాయరు తొంగి చూశాడు. "దుమ్ము."

"రంగు అడుగుతాండా."

"దుమ్ము రంగు." తర్వాత ఆయనకే ఏదో తట్టినట్లుంది. "మట్టప్పనా?"

విక్రమ్ నవ్వాపుకోలేక ముఖం పక్కకు తిప్పుకున్నాడు. "సార్, మా జేజి గూడా ఇంతే. మా తాత పేరు అడిగితే గోడ మీది ఫోటో చూపిస్తాది. ఫోటో లేని చోట నన్ను పిలిపిస్తాది."

నాకు నవ్వు రాలేదు. మూడక్షరాల మాట. ఆ మూడక్షరాలు పలికితే రేపు పొద్దున భీమప్ప వస్తాడు, గంప నిండుతుంది. వంగి చెవిలో అన్నాను.

"చెప్పేయ్ పెద్దమ్మా. ఈడ ఎవురూ ఏమనుకోరు."

"నేను అనుకుంటా గదా," అంది.

ఆమె గొంతులో తగువు లేదు. పొయ్యిలో కట్టె సర్దేటప్పుడు ఎట్లా ఉంటుందో అట్లా అంది. నేను జేబులో కాగితాల మీద చెయ్యి పెట్టాను, ఇంక ఇవే గతి అని. అప్పుడు పెద్దనాయన గొంతు సవరించుకున్నాడు. ఆయన అక్కడ ఉన్నట్లే మేం మరిచిపోయాం.

"ఆ పేరు ఎందుకు సామీ ఇప్పుడు," అన్నాడు లాయరుతో. "బోర్డు మొదట రాసినోడు మొగోని పేరు అడిగినాడు, నాది రాసినాడు. నేను బొరుగులు పిండేటోణ్ణి. హోటలు ఆమెది. పొయ్యి ముట్టించేది ఆమె, ఆకలితో వచ్చినోన్ని ముఖం చూసి గుర్తుపట్టేది ఆమె. విరిగిపోయింది విరిగిపోనీ."

"మరి ఏమని రాసుకోమంటావు పెద్దాయనా?"

పెద్దనాయన రెండు చేతులూ మోకాళ్ల మీద పెట్టుకున్నాడు. బడిలో పద్యం అప్పజెప్పే పిల్లోడి మాదిరి నిటారుగా కూర్చున్నాడు.

"పక్కీరమ్మ," అన్నాడు. కొంచెం ఆగి, "పక్కీరమ్మ ఉగ్గాణి. అట్ల రాసుకోండి," అన్నాడు.

నేను ఆ ఇంట్లో పెరిగినోణ్ణి. 'ఇదో' అంటాడు, 'యాడుండావు' అంటాడు, మరీ దూరంలో ఉంటే 'ఉమేశుగాని పెద్దమ్మా' అంటాడు. ఆ పేరు ఆయన నోట్లో నేను ఒక్కసారి కూడా వినలేదు. ఆయనకు తెలుసా అని కూడా ఎప్పుడూ అనుకోలేదు. అంత చక్కగా పలుకుతాడని అసలే అనుకోలేదు.

పెద్దమ్మ కొంగు ముఖం మీదికి లాక్కుంది. "పది మందిలో ఏం పనప్పా నీకు," అంది లోపలి నుంచి.

అక్కడున్నది ఐదుగురమే. ఎవరూ సరిదిద్దలేదు.

అదే నీ మాట కూడానా అన్నట్లు లాయరు పెద్దమ్మ వైపు చూశాడు, ఆమె కొంగు చాటునే తల ఊపింది, రాసుకున్నాడు. రాసింది పైకి చదివి వినిపించాడు. ఆయన చదివితే అది మామూలు పేరే.

బయటికి వచ్చాక విక్రమ్ నన్ను ఆపాడు. "మరి నీ డాట్ కామ్?"

ఆ కాగితాల సంగతే మరిచిపోయాను. బస్సులో పెంచుకున్న గొంతు యాడికి పోయిందో తెలియదు.

"నీకియ్యను," అన్నాను. "నేనూ ఉంచుకోను. భీమక్కను పెడతా, దేవప్పను పెడతా. యాడ ఉగ్గాణి దొరుకుతాదో అన్నీ అందులో ఉంటాయి. నీ హోటలు ఫోటో గూడా పంపు."

"నా పేరు మీద నా ఫోటో నీకు పంపాల్నా నేను?"

"నీ పేరు కాదు అది. పంపప్పా."

తిట్టుకుంటూ పోయాడు. ఉద్యోగం మాట వాడూ ఎత్తలేదు, నేనూ ఎత్తలేదు.

తిరుగు బస్సులో పెద్దమ్మ కిటికీ వైపు తిరిగి కూర్చుంది. పెద్దనాయన ఆమె పక్కన, టికెట్లు చేతిలో పట్టుకుని. బస్సు సగం దారి వచ్చింది. తర్వాత ఆమె, "గొంతు ఎండిపోయింటాది," అని నీళ్ల సీసా ఆయన చేతికిచ్చింది.

9 ఫిబ్రవరి

నోటీసు వాపసు కాగితం వచ్చింది. భీమప్ప ఈ రోజు నుంచే పొట్లాలు ఎత్తాడు. పెద్దమ్మ వాడికి ముందు టిఫిన్ పెట్టింది, తర్వాత తిట్టింది.

కప్పగల్లు పోయి భీమక్కను ఫోటో తీశాను. "ఎందుకురా, పెళ్లి సంబంధమా?" అంది. ఆమెకు డెబ్బై ఏళ్లు.

14 ఫిబ్రవరి

విక్రమ్ ఫోటో పంపాడు. అద్దాల హోటలు కాదు. వాళ్ల జేజి రామక్క ప్లేటు పట్టుకుని, రుచి చూసి, ముఖం చిట్లించుకున్న ఫోటో. పెట్టాను. అన్నింటికన్నా పైన పెట్టాను, వాడికి చెప్పలేదు.

వాడి బోర్డు మీద టి.ఎం. అక్షరాలు ఇంకా ఉన్నాయి. దుమ్ము పడితే కనపడవు, రోజూ తుడిపిస్తాడు. ఆ అర్జీ సంగతి నేను వదిలిపెట్టను. అడ్డం చెప్పడం ఎట్లాగో చదువుతున్నాను. ఇంగ్లీషు పరమ దరిద్రంగా ఉంది.

22 ఫిబ్రవరి

కొత్త బోర్డు ఎక్కించాం. పచ్చ మీద తెల్ల అక్షరాలు. పక్కీరమ్మ ఉగ్గాణి. పెద్దమ్మ దాని వైపు చూడకుండా ఉల్లిగడ్డలు కోసింది. పెద్దనాయన రోడ్డు అవతలికి పోయి చూసి వచ్చాడు. మళ్లీ పోయాడు. లారీ అడ్డం వస్తే అది పోయేదాకా నిలబడి చూశాడు.

3 మార్చి

పొద్దున టిఫిన్‌కు పోయాను. పెద్దనాయన గంప దగ్గర, పెద్దమ్మ బాణలి దగ్గర. ఇద్దరి మధ్య నాలుగు అడుగులు ఉండవు.

"పక్కీరమ్మా, ఉప్పు," అన్నాడు.

ఆమెకు వినపడింది. నేను చూశాను, చేతిలో జల్లిగరిటె ఆగింది. కానీ తిరగలేదు. నూనె వైపే చూస్తూ నిలబడింది.

"పక్కీరమ్మా," అన్నాడు మళ్లీ, ఈసారి కొంచెం గట్టిగా.

అప్పుడు ఇచ్చింది ఉప్పు.